అనుమంద్రం ఎక్కడికి పోయింది? ఒక ఏకాండి వీణకు పికప్ పెట్టిన కేసు

దసరా ఇంకా ఇరవై రోజులుందనగా ఒక వీణ టీచరుగారు మా షాపుకు వచ్చారు. వెనకాలే ఆటో డ్రైవరు, అతని చేతుల్లో పాత దుప్పటిలో చుట్టిన వీణ. రాజమహేంద్రవరంలో నాది ఆంప్లిఫయర్లు, మిక్సర్లు, కీబోర్డులు బాగుచేసే షాపు. వీణ నా బల్ల మీదికి రావడం ఏడాదికి ఒకటి రెండు సార్లే. సోల్డరింగ్ ఐరన్ పక్కకు జరిపి, బల్ల మీద చాప పరిచి, అప్పుడు దింపించాను. వీణకు వాయించే తీగలు నాలుగు: పై స్వరం పలికే సారణి, తర్వాత పంచమం, మంద్రం, అన్నిటికంటే కింది స్వరం పలికే అనుమంద్రం.

"బాబూ, దీనికి కాంటాక్ట్ మైకు పెట్టించాను. పెట్టిన దగ్గర నుంచి అనుమంద్రం వినిపించడం లేదు. సారణి మీద పై స్థాయిలో వాయిస్తే రేకు డబ్బా మీద గోళీలు వేసినట్టు ఉంది. నవరాత్రుల్లో గుడి మండపంలో మూడు కచేరీలున్నాయి. ఏం చేస్తావో చెయ్యి, కానీ వీణకు చిల్లు మాత్రం పెట్టకు" అన్నారు.

ఆ చివరి మాటే ఈ పని మొత్తాన్నీ నడిపించింది. అది ఏకాండి వీణ. నాదం పలికే గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి, చివరనుండే యాళి ముఖం దాకా ఒకే పనస దుంగ నుంచి తొలిచింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తయారైంది, వాళ్ల తాతగారు కొన్నది. అతుకులున్న వీణలో ఏదైనా భాగం పాడైతే అది మార్చుకోవచ్చు. దీనికి ఆ సౌకర్యం లేదు. గిటారుకైతే అడుగున అరంగుళం రంధ్రం వేసి జాక్ బిగించడం మాకు రోజువారీ పని. ఇక్కడ డ్రిల్లు సొరుగులోంచి బయటికే రాకూడదని అప్పుడే అనుకున్నాను.

ముందు ఉన్నది చూశాను. కుండకు మూతలా ఉండే పలక మీద, తీగలను మోసే గుర్రానికీ నాదరంధ్రాలకూ మధ్య, ఇరవై రూపాయల పియెజో డిస్కు ఒకటి అతికించి ఉంది. ఆవిడ కాంటాక్ట్ మైకు అన్నది దీన్నే, చెక్క కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్. అతికించింది స్పాంజి ఉన్న డబుల్ టేపుతో. దాని తీగ అయిదు మీటర్లు సాగి చివర మామూలు జాక్ పిన్నుతో ముగుస్తోంది. ఆ పిన్నును నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతున్నారు. అమర్చినాయన "ఈ డిస్కులు ఇంతే అమ్మా, పదివేలు పెట్టి విదేశీ పికప్ కొనుక్కోండి" అన్నారట. నేను మాత్రం డిస్కును తప్పుపట్టదలచుకోలేదు. తప్పు ఎక్కడుందో వెతకాలంటే ముందు వీణ ఏం పలుకుతోందో చెవితో వినాలి. ఏ యంత్రమూ పెట్టకుండా వాయించమన్నాను.

ఆవిడ శ్రుతి మూడు. అంటే హార్మోనియం మీద మూడో తెల్ల మెట్టు. సారణి ఖాళీ తీగ షడ్జం సుమారు 165 హెర్ట్జ్. పంచమం 123. మంద్రం 82. అనుమంద్రం 62కు కొంచెం తక్కువ. ఈ నాలుగు అంకెలూ ఒక చీటీ మీద రాసి బల్లకు ఎదురుగా గోడకు అంటించాను. ఈ కేసు మొత్తం వాటి చుట్టూనే తిరిగింది. ఆవిడ అనుమంద్రాన్ని ఒక్కసారి మీటితే ఆ నాదం చాప మీదుగా నా మోచేతికి తెలిసింది. వీణ చక్కగా ఉంది. రోగం వీణది కాదు.

అయస్కాంత పికప్ వాడదామా అనే ఆలోచన ఒక్క నిమిషం వచ్చింది. ఎలక్ట్రిక్ గిటారులో ఉండేది అదే. అయస్కాంతం చుట్టూ తీగ చుట్ట, దాని ముందు ఇనుము కదిలితే విద్యుత్తు పుడుతుంది. ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతం తీసి సారణి దగ్గరికి తెచ్చాను. ఉక్కు తీగ కాబట్టి అది ఎగిరి వచ్చి అంటుకోబోయింది. మంద్రం దగ్గరికి తెస్తే తీగ ఉలకలేదు, పలకలేదు. ఆవిడ మంద్ర, అనుమంద్రాలకు సంప్రదాయంగా ఇత్తడి తీగలే వాడతారు. ఇత్తడిని అయస్కాంత పికప్ వినలేదు. ఏ తీగ పోయిందని ఆవిడ నా దగ్గరికి వచ్చారో, ఆ తీగనే అది పూర్తిగా వదిలేస్తుంది. అయస్కాంతాన్ని మళ్లీ ఫ్రిజ్‌కు అంటించేశాను.

మరి గాలిలోంచి వినే మామూలు మైకు? ఇంట్లో, చిన్న హాల్లో అంతకంటే మంచిది లేదు. కానీ వీణ నాదం సున్నితం, పక్కన మృదంగం, ఘటం. మైకు శబ్దం పెంచితే మృదంగం కూడా అందులోకే వస్తుంది, ఆ పైన స్పీకరు శబ్దమూ వచ్చి చేరి కూత మొదలవుతుంది. తెరచిన మండపంలో టపాసులూ, జనం మాటలూ సరేసరి. చెక్క కంపనాన్ని తాకి వినే డిస్కే దారి. దాన్ని సరిగా వినిపించాలి, అంతే.

అసలు కారణం ఇక్కడుంది. పియెజో అంటే నొక్కితే విద్యుదావేశం పుట్టే పదార్థం. 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి స్ఫటికాల్లో ఈ గుణాన్ని కనిపెట్టారు. మన డిస్కులో ఇత్తడి రేకు మీద పింగాణీలాంటి తెల్లని పొర ఉంటుంది. అది వంగినప్పుడల్లా ఆవేశం పుడుతుంది. కానీ విద్యుత్ పరంగా చూస్తే అదొక కెపాసిటరే. నా మీటరు ఆ డిస్కును 22 నానోఫారడ్‌లుగా చూపించింది. దాన్ని మిక్సర్‌కు కలపగానే మిక్సర్ ఇన్‌పుట్ నిరోధం ఆ కెపాసిటర్‌కు అడ్డంగా పడుతుంది. పుట్టిన ఆవేశం దానిగుండా కారిపోతూ ఉంటుంది.

అడుగున చిల్లున్న బిందెలో నీళ్లు పోసినట్టు అనుకోండి. గబగబా పోస్తే నీటిమట్టం కనిపిస్తుంది. నెమ్మదిగా పోస్తే పోసినంతా కారిపోతుంది, బిందె ఖాళీగానే ఉంటుంది. పై స్థాయి స్వరాలు గబగబా పోసే నీళ్లు. అనుమంద్రం నెమ్మదిగా పోసేది. చిల్లు ఎంత పెద్దదో తేల్చేది ఇన్‌పుట్ నిరోధం. చిన్న మిక్సర్ లైన్ ఇన్‌పుట్ తరచుగా 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. లెక్క వేయడానికి సూత్రం ఒక్కటే: ఒకటిని 2πతో, నిరోధంతో, కెపాసిటెన్స్‌తో భాగించాలి. 22 నానోఫారడ్‌లకు, 10 కిలో ఓమ్‌లకు 723 హెర్ట్జ్ వస్తుంది. అంతకంటే కిందున్న స్వరాలన్నీ కిందికి పోయేకొద్దీ కరిగిపోతాయి.

ఇప్పుడు గోడ మీది చీటీ చూడండి. వీణ నాలుగు ఖాళీ తీగలూ 723కు కిందే ఉన్నాయి. సారణి షడ్జం నాలుగో వంతు కూడా మిగలదు. అనుమంద్రం పన్నెండో వంతుకు పడిపోతుంది. సారణి మీద ఇరవై నాలుగో మెట్టు, అంటే రెండు స్థాయిల పైనున్న షడ్జం 660 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది మాత్రం మూడింట రెండు వంతులు నిలుస్తుంది. రేకు డబ్బా మీద గోళీలు అని ఆవిడ అన్నది ఈ అంకెలకు సరిగ్గా సరిపోయింది. డిస్కు అన్నిటినీ విన్నది. విన్నదాన్ని మిక్సర్ ఒలకబోసింది.

దీన్ని ఆవిడకు నోటితో చెప్పి నమ్మించడం కంటే వినిపించడం తేలిక. గిటార్ కోసం షాపులో ఉంచుకున్న ఆంప్లిఫయర్ ఒకటి ఉంది, దాని ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్. అదే డిస్కు, అదే స్పాంజి టేపు, అదే వీణ. పిన్ను మాత్రం మిక్సర్లోంచి తీసి దీంట్లో పెట్టాను. అనుమంద్రం మీటారు. బల్ల మీద పెట్టిన స్టీలు గ్లాసు గిలగిలమంది. ఆవిడ వెనక్కి తిరిగి స్పీకరు వైపు చూశారు. ఒక మెగా ఓమ్‌కు ఆ లెక్క 7 హెర్ట్జ్‌కు దిగుతుంది. వీణలో దేన్నీ అది ముట్టుకోదు.

కాబట్టి కావలసింది డిస్కుకూ మిక్సర్‌కూ మధ్య ఒక బఫర్. అటు ఎక్కువ నిరోధం చూపించి ఇటు తక్కువ నిరోధంతో శబ్దాన్ని అందించే చిన్న సర్క్యూట్. దీనికి నేను వాడింది టీఎల్061 అనే ఆప్ ఆంప్ చిప్. దాని అన్నదమ్ముల్లో టీఎల్071కు చప్పుడు తక్కువ, నిజమే. కానీ అది బ్యాటరీని దాదాపు ఏడు రెట్లు వేగంగా తాగుతుంది. పలక మీది డిస్కు ఇచ్చే శబ్దం ఎలాగూ బలంగా ఉంటుంది కాబట్టి ఆ కొంచెం చప్పుడు వినిపించదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ నెలల తరబడి రావడం ఆవిడకు ముఖ్యం. బ్యాటరీ వోల్టేజీని రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లతో సగం చేసి, ఆ సగం నుంచి ఒక మెగా ఓమ్ రెసిస్టరు మీదుగా ఆప్ ఆంప్ ఇన్‌పుట్‌కు ఇచ్చాను. డిస్కు కూడా అక్కడికే. అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఇక్కడ చాలామంది చేతికందిన 0.1 మైక్రోఫారడ్ వేసేస్తారు. అదే సూత్రంతో చూస్తే 10 కిలో ఓమ్ మిక్సర్ ముందు అది 159 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. ముందు గుమ్మంలో ఆపిన దొంగ వెనక గుమ్మంలోంచి వచ్చినట్టే.

స్విచ్ పెట్టలేదు. స్విచ్ ఉంటే ఆపడం మరిచిపోతారు. దానికి బదులు స్టీరియో సాకెట్ వాడి, బ్యాటరీ నెగెటివ్‌ను దాని మధ్య వలయానికి కలిపాను. మామూలు మోనో పిన్ను గుచ్చినప్పుడు ఆ వలయం నేలతో (అంటే సర్క్యూట్ గ్రౌండ్‌తో) కలిసి సర్క్యూట్ మేలుకుంటుంది, పిన్ను తీస్తే నిద్రపోతుంది. గిటార్లలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కచేరీ అయ్యాక పిన్ను లాగేయమని ఒక చీటీ మాత్రం డబ్బా మీద అంటించాను.

డిస్కు వెనక వైపు తెల్లని పొర తెరిచి ఉంటే అది యాంటెన్నాలా పనిచేసి 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని పట్టుకుంటుంది. అందుకని ఇత్తడి వైపును నేలకు కలిపి చెక్కకు ఆనించి, పైన పొరకు పలచని ఇన్సులేషన్ టేపు వేసి, ఆ మీద రాగి టేపు కప్పి దాన్నీ నేలకు కలిపాను. ట్యూబులైటు కింద పెట్టి విన్నాను. గుయ్‌మనడం పోయింది.

ఇక మిగిలింది ఎక్కడ, దేనితో అతికించాలనేది. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. మొత్తం ఒక మధ్యాహ్నం. డిస్కును నాలుగు చోట్లకు మార్చుతూ, ప్రతిసారీ ఆవిడ చేత ఒకే వరుస వాయించుకున్నాను: నాలుగు తీగలూ ఖాళీగా, తర్వాత తాళం వేయడానికి పక్కనుండే తాళం తీగలు, తర్వాత సారణి మీద మెల్లగా ఒక గమకం. దండి మీద పెడితే ఎడమ చేతి వేళ్లు మెట్ల మీద జారే రాపిడే ఎక్కువ. కుండ పక్కన పెడితే గుంభనంగా, బావిలోంచి వచ్చినట్టుగా. తీగల చివరలు కట్టే నాగపాశం వైపు పలక చివర పెడితే మూగగా. గుర్రం కాలి దగ్గర పెడితే ప్రాణం వచ్చింది, కానీ తాళం తీగల వైపు కాలి దగ్గర పెడితే మాత్రం చిటికెన వేలితో తాళం వేసిన ప్రతిసారీ గంట కొట్టినట్టయింది. తాళం తీగల గుర్రం పెద్ద గుర్రానికే పక్కన అతికి ఉంటుంది కదా, ఆ శక్తి ముందుగా ఆ కాలిలోకే దిగుతుంది. అవతలి కాలి దగ్గరికి, రెండు వేళ్ల వెడల్పు దూరంలోకి జరిపితే నాలుగు తీగలూ సమంగా నిలిచాయి. తాళం తీగలు తాళం తీగల్లాగే వెనక ఉండిపోయాయి.

డిస్కును గుర్రం కాలి కిందే పెట్టమని కొందరు అంటారు. శబ్దం పెద్దగా వస్తుందన్నది నిజం. నేను పెట్టను. గుర్రం మీదున్న లోహపు రేకు వంపు మీదనే వీణ నాదంలోని ఆ రవ్వంత ఝంకారం ఆధారపడి ఉంటుంది. ఆ రేకును తీర్చేవారు తీగకూ రేకుకూ మధ్య ఎడం వెంట్రుకవాసి సరిచూసి అమరుస్తారు. దాని కింద అర మిల్లీమీటరు ఎత్తు పెంచితే తీగల ఎత్తు మారుతుంది, మెట్ల మీద స్వరస్థానాలూ చెడతాయి. శబ్దం తేవడానికి వెళ్లి శ్రుతి పోగొట్టినట్టు అవుతుంది.

అతికించడానికి స్పాంజి టేపు పనికిరాదు. మెత్తటిది కాబట్టి చెక్కకూ డిస్కుకూ మధ్య పరుపులా పడుకుని పై స్థాయి కంపనాలను మింగేస్తుంది. సూపర్ గ్లూ గట్టిగా పట్టుకుంటుంది, కానీ తీసినప్పుడు పాలిష్‌ను కూడా వెంట తీసుకొస్తుంది. ఆలోచిస్తూ వీణ వైపే చూస్తుంటే దండి మీది నల్లటి మైనం కనిపించింది. మెట్లన్నీ నిలబడింది ఆ మైనం మీదే. ఇంజనీరింగ్ ప్రయోగశాలల్లో యంత్రాల కంపనాలు కొలిచే సెన్సర్లను తేనె మైనంతోనే అంటిస్తారు. పలచగా వేస్తే గట్టిగా పట్టుకుంటుంది, గోటితో గీకితే వచ్చేస్తుంది, చెక్కకు కీడు లేదు. బఠాణీ గింజంత తేనె మైనం వేళ్ల మధ్య మెత్తబరిచి డిస్కు కింద కాగితమంత పలచగా నొక్కాను. స్పాంజి టేపు ఇచ్చినదానికీ దీనికీ తేడా చెప్పనక్కర్లేకుండా ఆవిడ ముఖంలోనే కనిపించింది.

డిస్కు నుంచి బఫర్ డబ్బాకు మూరెడు పలచని షీల్డు తీగ. దాన్ని నాగపాశానికి నూలు దారంతో ఒక ముడి వేసి కట్టాను. ఎవరైనా తీగ తొక్కితే దెబ్బ ముడి మీద పడుతుంది, డిస్కు మీద కాదు. డబ్బా నేల మీద, ఆవిడ కుడి మోకాలి పక్కన. వీణకు ఒక్క మేకు కూడా పడలేదు.

హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. కొంతసేపు వాయించి తీసేసి అన్నారు: "మీటు వినిపిస్తోంది బాబూ. నాదం వెనకపడింది." నిజమే. డిస్కు వినేది గుర్రం దగ్గరి చెక్కను. కుండలోని గాలి, ఎడమ పక్క బుర్ర, గది, వీణకూ మన చెవికీ మధ్య జరిగేదంతా దానికి తెలియదు. గోరు తీగను తాకిన టక్కుమనే శబ్దం దానికి నాదం కంటే దగ్గర. ఇది పూర్తిగా పోయేది కాదని ముందే చెప్పేశాను. మూడు కిలో హెర్ట్జ్ చుట్టుపక్కల కొద్దిగా తగ్గిస్తే మీటు నెమ్మదించింది. వీలైన చోట చిన్న మైకును కూడా పలక వైపు పెట్టించి, డిస్కు ముప్పావు వంతు, మైకు పావు వంతు కలిపిస్తే బాగుంటుందని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు, కానీ మనసు పూర్తిగా నిండినట్టు నాకు కనిపించలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆవిడ చెవే సరైనది. పికప్ ద్వారా వచ్చేది అదే వీణ నాదం కాదు, దాని దగ్గరి బంధువు.

మొదటి కచేరీకి నేనూ వెళ్లాను. మండపం నిండింది. చెక్క బల్లలతో వేసిన వేదిక. మృదంగం ఎడమ చేతి దెబ్బ పడినప్పుడల్లా స్పీకర్ల కోన్లు గుప్పు గుప్పున ముందుకు వస్తున్నాయి. వీణ కుండ నేల మీద ఆనుతుంది కదా, వేదిక బల్లల కంపనం కుండలోకి, కుండలోంచి పలకకు, పలక నుంచి డిస్కుకు చేరుతోంది. ఎవరైనా నడిచినా అంతే. 7 హెర్ట్జ్ దాకా తలుపు బార్లా తెరిచిపెట్టింది నేనే. మిక్సర్ దగ్గరున్న కుర్రాడు వెంటనే కింది స్వరాలను కోసే లో కట్ బటన్ నొక్కబోయాడు. ఆపాను. మిక్సర్లలో ఆ బటన్ మామూలుగా 80 లేక 100 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది, అనుమంద్రం 62. మళ్లీ మొదటికే వచ్చేవాళ్లం. వీణ కింద దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టించాను, కొంత తగ్గింది.

తర్వాత కూత. ఆవిడ వెనకాల మానిటర్ స్పీకరు పెట్టారు, వీణ కుండ వైపే మొహం పెట్టి. శబ్దం పెంచిన కొద్దీ ఊఁ అని ఒకే స్వరంలో రాగం తీయడం మొదలుపెట్టింది. మానిటరును ముందుకు తెచ్చి పక్కగా తిప్పించాను. మిక్సర్లో మిడ్ నాబ్‌తో పాటు దాని ఫ్రీక్వెన్సీ జరిపే నాబ్ కూడా ఉంది. మిడ్ పెంచి మెల్లగా జరుపుతూ పోతే 220 హెర్ట్జ్ దగ్గర కూత ఉబికింది. అక్కడ ఆపి, అదే నాబ్‌ను తిప్పి తగ్గించాను. కుండ తనకు తాను పలికే స్వరం అదన్నమాట. ఆ తర్వాత రెండో కీర్తన దాకా నేను కూర్చుని వినగలిగాను.

మూడో అంశంలో, ఆలాపన మధ్యలో, టప్‌మని తుపాకీ పేలినట్టు ఒక శబ్దం. ముందు వరుసలో పిల్ల ఒకటి ఏడుపు అందుకుంది. డిస్కు ఊడి పలక మీద పడింది. తలపై నాలుగు హాలోజన్ దీపాలు, అక్టోబరు ఉక్కపోత, ఉత్త తేనె మైనం. తప్పు నాదే. ఆవిడ తల తిప్పకుండా వాయిస్తూనే ఉన్నారు, నేను వేదిక మీదికి పాకుతూ వెళ్లి డిస్కును బొటనవేలితో నొక్కి అలాగే అంశం అయ్యేదాకా కూర్చున్నాను. నా బొటనవేలు చాలా మంచి జిగురని ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే మెట్లు బిగించే పెద్దాయన ఇంటికి వెళ్లాను. విషయం విని నవ్వారు. "మా మెట్లు ఎండల్లో ఎందుకు ఊడవనుకున్నావు? ఉత్త మైనం అయితే మే నెల దాటేనా?" అన్నారు. మైనంలో గుగ్గిలం, మసి కలిపి కాచిన నల్లటి ముద్ద ఒకటి తుంచి చేతిలో పెట్టారు. గుగ్గిలం కలిస్తే మైనం వేడికి త్వరగా మెత్తబడదు. దాన్ని దీపం మీద చూపించి, వెచ్చగా ఉన్నప్పుడే డిస్కు కింద రాసి నొక్కాలి. పలక మీద పాలిష్ మంచిది కాబట్టి నలుపు అంటలేదు, తీసి చూసి మరీ నిర్ధారించుకున్నాను.

అదే రోజు డబ్బా విప్పి ఒక మెగా ఓమ్ రెసిస్టరు తీసేశాను. దాని స్థానంలో 220 కిలో ఓమ్‌లు వేశాను. 22 నానోఫారడ్‌లకు అది 33 హెర్ట్జ్. అనుమంద్రం 62 దగ్గర నూటికి ఎనభై ఎనిమిది వంతులు నిలుస్తుంది, చెవికి తేడా తెలియదు. కాలి చప్పుడు లాంటి 10 హెర్ట్జ్ కదలికలు మూడో వంతుకు లోపే మిగులుతాయి. మొదటాయన పెట్టిన 10 కిలో ఓమ్‌లూ నేను పెట్టిన 220 కిలో ఓమ్‌లూ ఒకే రకం కోత. ఎక్కడ కోయాలో నిర్ణయించుకుని కోశానా, తెలియకుండా కోసుకుపోయిందా అన్నదే తేడా. రెసిస్టరు ఖరీదు రూపాయి కూడా కాదు.

రెండో కచేరీలో కోన్లు నిలకడగా ఉన్నాయి. డిస్కు ఊడలేదు. ఆవిడ మాత్రం నేను ఊహించనిది ఒకటి చేశారు. మొదటి పది నిమిషాలు అలవాటు ప్రకారం బలంగా మీటి, తర్వాత చేతిని తేలిక చేశారు. కచేరీ అయ్యాక అడిగితే, "వెనక వరుసకు వినిపించాలని ముప్ఫై ఏళ్లుగా తీగను కొడుతూ వచ్చాను. ఇవాళ కొట్టక్కర్లేదని మధ్యలో గుర్తొచ్చింది" అన్నారు. తేలిగ్గా మీటితే గోరు టక్కు కూడా దానంతటదే తగ్గింది. నేను మూడు కిలో హెర్ట్జ్ దగ్గర చేసిన కోతలో సగం వెనక్కి తీసుకున్నాను.

సామాను ఖర్చు మూడు వందల రూపాయలు దాటలేదు. పనికి పట్టింది రెండు రోజులు, ఆ బొటనవేలి రాత్రి కాకుండా. ఇంకోసారి ఇదే పని వస్తే మొదటి రోజే నల్ల మైనం వాడతాను, మొదటి నుంచే 220 కిలో ఓమ్‌లు వేస్తాను. డిస్కు మార్చితే లెక్క కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. గిటారు గుర్రంలో దూర్చే సన్నని పియెజో పట్టీలు ఒక నానోఫారడ్‌కు అటూ ఇటూగా ఉంటాయి. వాటికి 220 కిలో ఓమ్‌లు పెడితే 720 హెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది, అప్పుడు పది మెగా ఓమ్‌లు కావాలి. కాబట్టి ఎవరైనా ఈ సర్క్యూట్‌ను ఇలాగే దించుకునే ముందు తమ డిస్కును మీటరు మీద పెట్టి చూసుకోవాలి.

సంక్రాంతి ముందు ఒక సాయంత్రం ఆవిడ ఫోను చేశారు. "తాళం తీగలు మోగిపోతున్నాయి బాబూ, మిగతావి వినిపించడం లేదు." డిస్కు ఎక్కడ అతికించారని అడిగాను. శిష్యురాలు అతికించిందట, గుర్రానికి ఇవతలి కాలి దగ్గర. అవతలి వైపు, రెండు వేళ్ల దూరం అని చెప్పాను. ఫోను పక్కన పెట్టిన శబ్దం, కాసేపు ఏమీ లేదు, తర్వాత అనుమంద్రం. మళ్లీ ఫోను తీసి, ఇకమీదట తప్పు జరగకుండా పలక మీద ఆ చోట కుంకుమ బొట్టు పెట్టేశానని చెప్పారు.